రాయి ఎత్తు ఎందుకు పెరిగింది?



కథ చెప్పి "నీతి ఏమిటి?" అని అడిగితే మన పిల్లలు ఠక్కున జవాబిస్తారు. "ఉపాయంతో అపాయం తప్పించుకోవచ్చు." తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ వచ్చు. "ఆ ఉపాయం ఎలా తట్టింది?" అని అడిగితే మాత్రం క్లాసంతా నిశ్శబ్దం. ఈ నెల ఆ "ఎలా" గురించే మాట్లాడుకుందాం.

ఇందుకు జాతక కథలు బాగా పనికొస్తాయి. బుద్ధుడి పూర్వజన్మల కథలివి. పాళీ సంకలనంలో 547 ఉన్నాయి. ఇవి మనకు దూరపువి కావు. సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఫణిగిరి కొండ మీద పురాతన బౌద్ధ ఆరామం ఉంది. కోదాడకు దగ్గర్లో నేలకొండపల్లి స్తూపం ఉంది. మిర్యాలగూడ నుంచి సాగర్ వెళ్తే బుద్ధవనంలో జాతక కథల శిల్పాలే చూపించొచ్చు.

వాటిలో 57వది వానరింద జాతకం. ఏటి ఒడ్డున ఒక కోతి ఉండేది. ఏటి మధ్యలో పండ్ల చెట్లున్న లంక, ఒడ్డుకూ లంకకూ నడుమ ఒక రాయి. కోతి రోజూ రాయి మీదికి దూకి, అక్కడి నుంచి లంకలోకి దూకేది. సాయంత్రం అదే దారిలో తిరిగొచ్చేది. ఆ ఏట్లోని మొసలి భార్య కోతి గుండె కావాలంది. ఓ సాయంత్రం మొసలి వెళ్లి ఆ రాయి మీద పడుకుంది. కోతి దూకబోతూ ఆగింది. ఏట్లో నీళ్లు పెరగలేదు, తగ్గలేదు. కానీ రాయి ఎత్తుగా కనిపిస్తోంది!

ఇక్కడ కథ ఆపండి. "ఎందుకై ఉంటుంది?" అని అడగండి. పిల్లలు ఏం చెప్పినా వినండి.

కోతి "ఓ రాయీ!" అని మూడుసార్లు పిలిచింది. జవాబు లేదు. "ఏం నేస్తం, ఈరోజు పలకవేం?" అంది. రాయి రోజూ పలుకుతుంది కాబోలనుకుని మొసలి పలికింది! వేరే దారి లేదు. "సరే, నోరు తెరువు, వస్తాను" అంది కోతి. నోరు బాగా తెరిస్తే మొసలి కళ్లు మూతపడతాయని దానికి తెలుసు. అలా మూతపడగానే మొసలి తల మీద కాలు మోపి ఒడ్డుకు దూకేసింది.

చూశారా, ఉపాయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. రోజూ రాయిని గమనించడం, నీటిమట్టంతో పోల్చడం, అనుమానం వస్తే పరీక్షించడం. సైన్స్ ల్యాబ్‌లో మేం నేర్పేదీ ఇదే. 20వ కథ నళపాన జాతకంలోనూ అంతే. చెరువులోకి దిగిన అడుగులున్నాయి, పైకొచ్చినవి లేవు. అది చూసి కోతుల రాజు తన గుంపును నీళ్లలోకి దిగనివ్వలేదు. ఒడ్డునే కూర్చోబెట్టి రెల్లు గొట్టాలతో తాగించాడు.

మా ఐదో తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక పాప అడిగింది: "మేడమ్, కోతి మొసలిని మోసం చేసింది కదా, తప్పు కాదా?" నాకూ వెంటనే జవాబు తోచలేదు. క్లాస్‌నే అడిగాను. ఒక బాబు అన్నాడు: "కోతి మొసలిని ఏమీ చేయలేదు మేడమ్, ఇంటికెళ్లిపోయింది, అంతే." అప్పుడు ఇంకో ప్రశ్న వేశాను: "మరి ప్రోగ్రెస్ కార్డు దాచిపెట్టడం తెలివేనా?" అందరూ నవ్వారు, తర్వాత ఆలోచనలో పడ్డారు. తెలివికీ మోసానికీ తేడా పిల్లలకు అలా తెలియాలి. నీతి వాక్యం రాయిస్తే తెలియదు.

ఈ నెల మీ ఇంట్లో:

1. రాత్రి అన్నం తిన్నాక ఒక కథ తెలుగులోనే చెప్పండి. ఇంగ్లిష్ సంగతి మేం చూసుకుంటాం.
2. అపాయం వచ్చిన చోట ఆపి, "నువ్వైతే ఏం చేస్తావ్?" అనండి.
3. నీతి మీరు చెప్పకండి. పిల్లలు చెప్పేదాకా ఆగండి, మర్నాటి దాకా అయినా సరే.
4. నానమ్మ, తాతయ్యలకు వేరేలా తెలిస్తే వాళ్ల చేత కూడా చెప్పించండి.

పిల్లలు అదే కథను క్లాస్‌లో ఇంగ్లిష్‌లో సొంత మాటల్లో చెబుతారు. వినడానికి మేం ఎదురుచూస్తుంటాం.