ఏటవాలు గట్టు గల చేని కొలత

కౌలు కుదుర్చుకొనునపుడును, ఎరువు లెక్క వేసికొనునపుడును రైతులు ఎదురెదురు గట్లను కూడి సగము చేసి, ఆ రెండు సగములను గుణించుట మేము పెక్కు గ్రామములలో చూచియున్నాము. చేని నాలుగు మూలలును మూలమట్టముగా నున్నచో ఈ లెక్కకు దోషము లేదు. ఒక గట్టు ఏటవాలైనచో మాత్రము ఇది నేలను ఉన్నదానికంటె ఎక్కువ చేసి చూపును. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు దీనిని స్థూలఫలమనియే చెప్పెను.

ఒక చేనిని చూడుడు. ఉత్తరపు గట్టు 120 గజములు, దక్షిణపు గట్టు 40 గజములు. ఈ రెండును సమాంతరములు. తూర్పు గట్టు వానికి మూలమట్టముగా 60 గజములు. పడమటి గట్టు ఏటవాలుగా 100 గజములు. పై లెక్క ప్రకారము 80ని 80చే గుణింపగా 6400 చదరపు గజములు, అనగా 132 సెంట్లు వచ్చును. నిజముగా నున్న నేల 99 సెంట్లే. లేని 33 సెంట్లకు కౌలు చెల్లించువాడు ఏటేట నష్టపడును గదా!

సరియైన మార్గమిది. తూర్పు గట్టున 30 గజముల యొద్ద ఒక మేకును, పడమటి గట్టున 50 గజముల యొద్ద మరియొక మేకును పాతి మోకు లాగవలెను. ఇదియే మధ్యరేఖ. దీని పొడవు సమాంతరపు గట్ల మొత్తములో సగము, అనగా 160లో సగము 80 గజములు. కారణము వినుడు. ఈశాన్యపు మూలనుండి నైరృతి మూలకు తాడు లాగినచో చేను రెండు త్రిభుజములగును. త్రిభుజమున రెండు భుజముల నడిమి బిందువులను కలుపు రేఖ మూడవ భుజములో సగముండును. కావున మధ్యరేఖలో పడమటి భాగము 120లో సగము 60, తూర్పు భాగము 40లో సగము 20.

ఈ 80ని సమాంతరపు గట్ల నడిమి తిన్నని దూరమగు 60చే గుణింపవలెను. ఏటవాలు 100ని లెక్కలోనికి రానీయరాదు. 4800 చదరపు గజములు తేలును. సెంటుకు 48.4 చదరపు గజములు. గుంటల లెక్క గల తెలంగాణమున 121చే భాగించిన దాదాపు 39.7 గుంటలు.

మూలమట్టము సరియో కాదో తెలియుటకు మూలనుండి ఒక గట్టుపై 3 గజములు, రెండవదానిపై 4 గజములు గుర్తించి, ఆ గుర్తుల నడుమ కొలువుడు. సరిగా 5 గజములుండవలెను.

పంపకములలో మరియొక చిక్కు గలదు. మధ్యరేఖపై గట్టు వేసి చెరిసగమనుకొందురు. మన చేనిలో అట్లు చేసినచో ఉత్తరపు వంతు 3000, దక్షిణపు వంతు 1800 చదరపు గజములగును. సమభాగములు కావలెనన్న గట్టును ఉత్తరమునుండి 30 గజములకు గాక సుమారు 23 గజములకు వేయవలెను. బావి ఏ వంతున నున్నది, మెరక ఏ వైపున నున్నది అను మాట వేరు; దానిని పెద్దమనుష్యులే తేల్చవలెను.