ఇంటి బావి, ఇంటి మురుగు: చట్టమేమి చెప్పుచున్నది, మనమేమి చేయవలెను?

నేతవారి ఇంట బావినీరు త్రాగుటకు, వంటకు మాత్రమే గాదు. నూలు నానవేయుటకు, గంజి కాచుటకు, అద్దిన చిలపలను జాడించుటకు అన్నిటికిని అదే నీరు. షోలాపురమైనను, సేలమైనను, బళ్ళారియైనను, బరంపురమైనను, యానామైనను మన పేటలు ఇరుకైనవి. ముందు గదిలో మగ్గము, పెరటిలో బావి, దానికి నాలుగడుగులలో మరుగుదొడ్డి. “మా స్థలములో మా బావి, మా గుంత. నడుమ పురపాలక సంఘమువారికేమి పని?” అని సభ్యులు అడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠము.

1. హక్కు ఎంతవరకు?

1882 నాటి ఈజుమెంటు హక్కుల చట్టము, 7వ సెక్షనులో రెండు ఉదాహరణములు పక్కపక్కనే యున్నవి. ఒకటి: తన భూమి క్రింద, నిర్ణీతమైన కాలువగా పారక ఇంకియున్న నీటిని తన హద్దులలో తోడుకొను హక్కు యజమానికి కలదు. రెండవది: తన భూమిలోనికి ఊరివచ్చు నీటిని ఇతరులు అనుచితముగా చెడగొట్టకుండ ఉండవలెనను హక్కును ప్రతి యజమానికి కలదు. మొదటి దానిని అందరును చెప్పుదురు. రెండవ దానిని ఎవరును తలపరు. పొరుగువాని గుంత మన బావిని చెరచరాదన్నచో, మన గుంత పొరుగువాని బావిని చెరచరాదు. తోడుకొను హక్కు కలదు గాని, చెడగొట్టు హక్కు లేదు.

2. క్రొత్త బావికి అనుమతి

ఇది రాష్ట్రమునుబట్టి మారును. మహారాష్ట్రలో 1993 నాటి చట్టము ప్రజల తాగునీటి వనరుకు 500 మీటర్లలోపు అనుమతి లేక బావి త్రవ్వుటను నిషేధించెను. దాని స్థానమున 2009 నాటి భూగర్భజల చట్టము 2014 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. కర్ణాటకలో 2011 నాటి చట్టము క్రింద ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో బావికి అనుమతియు, నమోదును అవసరము. పుదుచ్చేరి చట్టము 2002 నాటిది, యానామునకును అదే. తమిళనాడులో 2003 నాటి చట్టము 2013లో రద్దయినది. చెన్నై మహానగర ప్రాంతమునకు 1987 నాటి ప్రత్యేక చట్టము కలదు.

స్వంత ఏర్పాటు లేని రాష్ట్రములకు కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ నియమములు వర్తించును. 2020 సెప్టెంబరు 24 నాటి నియమముల ప్రకారము ఒక కుటుంబము తాగుటకు, ఇంటి వాడుకకు తోడు నీటికి అనుమతిపత్రము అక్కరలేదు. దినమునకు 10 ఘనమీటర్లకు తక్కువ తోడు సూక్ష్మ, చిన్న పరిశ్రమలకును మినహాయింపు ఇచ్చిరి. కాని ఈ మినహాయింపు నీరు తోడుటకే. మురుగు వదలుటకు మినహాయింపు అని ఎవరును భ్రమపడరాదు.

3. దూరము, కొలతలు

పురపాలక భవన నిబంధనలలో వాడుకలోనున్న కొలతలను క్రింద ఇచ్చుచున్నాము. మీ ఊరి నిబంధన వేరైనచో దానినే పాటింపవలెను.

బావి: ఇంకుడు గుంతకు, మురుగు గుంతకు 18 మీటర్ల దూరము. బావి ఎగువన, గుంత దిగువన ఉండవలెను. ఒర చుట్టు గోడ నేలకు 1 మీటరు ఎత్తు. గోడ చుట్టును 1.8 మీటర్లు, అనగా ఆరడుగులు, నీరు ఇంకని చప్టా. దాని వాలు వెలుపలికి. బావి లోపలి గోడకు పైనుండి ఆరడుగుల లోతువరకు నీరు ఊరకుండ సిమెంటు పూత.

సెప్టిక్ ట్యాంకు: వెడల్పు 75 సెంటీమీటర్లకు, నీటి లోతు 1 మీటరుకు, పట్టు 1,000 లీటర్లకు తగ్గరాదు. పొడవు వెడల్పునకు రెండు మొదలు నాలుగు రెట్లు. గాలి గొట్టమునకు దోమలు దూరని వల కట్టవలెను.

ట్యాంకులో మడ్డి అడుగునకు దిగును గాని, బయటికి వచ్చు నీరు శుద్ధమైనది కాదు. రోగక్రిములు అందులోనే యుండును. దానిని వడగట్టునది నేల. ఇసుక నేల కొంత వడగట్టును. షోలాపురము వంటి చోట్ల నల్లరేగడి నీటిని త్వరగా ఇంకనీయదు. దాని క్రింది నల్లరాతి పగుళ్లలో దిగిన నీరు వడపోత లేకయే దూరము పోవును. అట్టి చోట 18 మీటర్లును చాలకపోవచ్చును. యానాము వంటి డెల్టా ఊళ్ళలో నీరు పైననే యుండును. ఇంకుడు గుంత అడుగు వర్షాకాలపు నీటిమట్టమునకు పైగా ఉండునట్లు కట్టవలెను. వేసవిలోను మగ్గపు గుంట చెమ్మగిల్లుచున్నచో దగ్గరలో మురుగు ఇంకుచున్నదేమోనని చూడవలెను.

4. గుంత తీయించుట

రెండు మూడేండ్లకు ఒకమారు మడ్డిని యంత్రపు బండితో తీయింపవలెను. మనిషిని లోనికి దింపరాదు. లోపలి విషవాయువు క్షణములో ప్రాణము తీయును. 2013 నాటి చట్టము ప్రకారము రక్షణ లేక మనిషిచే సెప్టిక్ ట్యాంకు తీయించినవారికి మొదటి తప్పునకే రెండేండ్లవరకు ఖైదు గాని, రెండు లక్షలవరకు జుర్మానా గాని, రెండును గాని పడవచ్చును. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబమునకు ముప్పది లక్షల రూపాయల పరిహారము ఈయవలెనని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పినది.

5. అద్దకపు నీరు

రంగు బాన నీటిని ఇంకుడు గుంతలో పోయుట పలుచోట్ల అలవాటు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము, 24వ సెక్షను, కాలుష్య పదార్థమును తెలిసి ప్రవాహములోనికి గాని, బావిలోనికి గాని, నేలమీదికి గాని వదలరాదని చెప్పుచున్నది. భూగర్భజలమును ఆ చట్టములో “ప్రవాహము” క్రిందికే వచ్చును. తిరుప్పూరులో అద్దకపు కర్మాగారములను మూసివేయవలెనని మద్రాసు హైకోర్టు 2011 జనవరిలో ఆజ్ఞాపించినది. ఇంట ఒక బాన పెట్టువారు చిన్నవారే. కాని వీధికి పది బానలైనచో క్రింది నీటికి లెక్క ఒక్కటే. సంఘము ఉమ్మడి అద్దకపు శాలను, నీటి శుద్ధి ఏర్పాటును కోరుట మేలు.

6. ఉన్న బావిని కాపాడుట

బావి వ్యాసమును వ్యాసముతో హెచ్చించి, నీటి లోతుతోను 3.14తోను హెచ్చించి, 4చే భాగించిన ఘనమీటర్లు వచ్చును. వ్యాసము 2 మీటర్లు, నీరు 3 మీటర్లు అయినచో 9.42 ఘనమీటర్లు, అనగా 9,420 లీటర్లు. 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి చొప్పున సుమారు 24 గ్రాములు చాలును. పొడిని బకెట్టులో కలిపి, సున్నము అడుగునకు దిగిన తరువాత పైతేటను బావిలో దింపి కలియబెట్టి, ఒక గంట ఆగి నీరు తోడవలెను. వాసన పోయిన పాతపొడి పనికిరాదు.

ఇది క్రిములకే మందు. మురుగునుండి వచ్చు నైట్రేటునకు బ్లీచింగును పనిచేయదు. కాచినచో నీరు తగ్గి అది మరింత చిక్కబడును. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించిన నీటితో పాలపొడి కలిపి పసిబిడ్డకు పట్టినచో ప్రాణాపాయము. కావున నీటిని పరీక్ష చేయింపవలెను.

7. ఒక్కరి పని కాదు

ఒక లెక్క చూడుడు. 18 మీటర్లన్న 59 అడుగులు. ముప్పది అడుగుల వెడల్పు, ఏబది అడుగుల పొడవుగల స్థలమునకు మూలనుండి మూలకు 58 అడుగులే. ఒక మూల బావి, ఎదుటి మూల గుంత పెట్టినను నియమము నెరవేరదు. మన ఇండ్లలో అంత స్థలము గలవి ఎన్ని? పైగా మన గుంతకు మన బావి దూరమైనను పొరుగింటి బావి దగ్గరగును. కావున ఈ నియమమును ఒక ఇల్లు పాటింపలేదు. వీధి మాత్రమే పాటింపగలదు.

ప్రతి వీధివారును ఒక కాగితముపై బావులను, బోర్లను, గుంతలను గుర్తించి, నడుమ దూరములను అడుగులలో వ్రాయవలెను. ఎగువన మంచి బావి యొకటి చూచి త్రాగుటకు ఉంచుకొని, తక్కినవి వాడుకకు మాత్రమే పెట్టుకొనవలెను. భూమిలోపలి మురుగు కాలువ వచ్చిన చోట కలుపుకొని, పాత గుంతను తీయించి పూడ్చవలెను. రాని చోట ఆ పటమును జతపరచి వీధివారందరి సంతకములతో పురపాలక సంఘమునకు అర్జీ పెట్టవలెను. ఒక్కని అర్జీకన్న, కొలతలతోకూడిన వీధి అర్జీకి విలువ హెచ్చు. పడుగులో ఒక పోగు తెగినచో దానినొక్కదానినే అతుకుదుము. నీటి విషయములో అట్లు కుదరదు.