తోతా చష్మ్: పెంపుడు చిలుక అశాంతి, దాని నమ్మకము

ఉర్దూలో "తోతా చష్మ్" అను నిందావాక్యము కలదు. చిలుక కన్నులు గలవాడని దాని అర్థము. చేసిన మేలు మరచి ముఖము త్రిప్పుకొనువానిని అట్లందురు. తెలుగులో మనము అర్థము తెలియక వల్లించు మాటలను "చిలుక పలుకులు" అనుచున్నాము. ఒక భాష ఈ పక్షికి కృతజ్ఞత లేదన్నది. మరియొక భాష తెలివి లేదన్నది. అయినను 14వ శతాబ్దమున నఖ్షబీ పారసీలో రచించిన తూతీనామాయందును, 17వ శతాబ్దమున గోల్కొండ కవి గవ్వాసీ దక్కనీలో చెప్పిన తూతీనామాయందును, కదిరీపతి శుకసప్తతియందును కథలు చెప్పి ఇంటి పరువు నిలుపబూనినది చిలుకయే. కథలోని చిలుకకు ఇచ్చిన గౌరవమును పంజరములోని చిలుకకు మనము ఇచ్చుట లేదని మా అభిప్రాయము.

మొదట ఒక సంగతి స్పష్టము చేయవలెను. మన తోటలలోని రామచిలుకను పట్టుట, అమ్ముట, పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. తాతల కాలమున వీధికొక "మిఠూ" ఉండెడిదని చెప్పుట సమాధానము కాజాలదు. కనుక ఇచ్చట మనము చర్చించునది పంజరములలోనే తరతరములుగా పుట్టి పెరిగిన బడ్జెరిగార్, కాకటీల్ వంటి ఆస్ట్రేలియా జాతులను గూర్చి. మన పట్టణములలో "లవ్ బర్డ్స్" అని జతలుగా అమ్మునవి చాలవరకు బడ్జెరిగార్లే. అసలైన లవ్ బర్డ్ ఆఫ్రికా పక్షి.

క్రొత్తగా తెచ్చిన పక్షి ఊచలు పట్టి ఎగబ్రాకును. ఈ మూలనుండి ఆ మూలకు అదే పనిగా తిరుగును. చేయి చాపినచో రెక్కలు కొట్టుకొనును, కొరుకును. ఇంటివారు దీనిని పొగరందురు. దాని దేహనిర్మాణమును పరిశీలించినచో అది భయమని తెలియును. చిలుక ఇతరులకు ఆహారమగు జీవి. నలుదిక్కుల అపాయమును కనిపెట్టుటకై దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నవి. అది తల ప్రక్కకు త్రిప్పినపుడు ముఖము త్రిప్పుకొన్నదని మనము తలంతుము. నిజమునకు అప్పుడే అది ఒక కంటితో మనలను నిశితముగా చూచుచున్నది. ఉద్రేకము కలిగినపుడు దాని కనుపాప క్షణములో ముడుచుకొని మరల విప్పారును. ఉర్దూ సామెత నిందించిన ఆ కన్నే, చదువనేర్చినవానికి ఆ పక్షి మనస్సును తెలుపు గ్రంథము. ఈకలు దేహమునకు బిగియ హత్తుకొని సన్నగా నిటారుగా నిలిచినచో అది భయపడుచున్నది. అట్టి సమయమున పంజరము పై తలుపు తెరచి చేయి దింపుట డేగ దిగినట్లే యగును.

రెండవ కారణము ఒంటరితనము. చిలుక గుంపులో బ్రతుకు పక్షి. ఉదయమునను, సంధ్యవేళను గుంపులోని పక్షులు ఒకదానినొకటి పిలుచుకొనును. మనము గది విడిచి వెళ్ళగనే అది అరచుటకు కారణము "ఎచ్చట నున్నావు?" అని అడుగుటయే. పరుగెత్తి వచ్చి కసరినచో, అరచిన మనిషి వచ్చునను పాఠమును అది నేర్చుకొనును. ప్రక్కగదినుండి చిన్న ఈలతో బదులిచ్చుట మేలు. కొలది దినములకు అరుపు తగ్గి అదియు ఈల వేయుట నేర్చును. ఈ అరుపు భరింపలేక, లేదా పుణ్యమని తలచి, బడ్జెరిగార్‌ను డాబామీదినుండి ఎగురవేయువారు కలరు. మేత వెదకుట ఎరుగని ఆ పక్షిని కాకులో గ్రద్దలో తన్నుకొనిపోవును. దానిని దయ అనుటకు మాకు నోరు రాదు.

ఇక పనిలేమి. అడవిలో చిలుక పగటిలో చాలభాగము మేత వెదకుటలోనే గడపును. గిన్నెనిండ గింజలు పోసినచో పది నిమిషములలో పని ముగియును. మిగిలిన దినమంతయు అది ఏమి చేయవలెను? ఊచలను కొరుకును, తుదకు తన ఈకలనే పీకుకొనును. తలపై ఈకలు నిండుగా నుండి రొమ్ము బోసిపోయినచో అది తానే పీకుకొన్నదని ఊహింపవచ్చును. ముక్కునకు తల అందదు గదా! అయితే వ్యాధివలనను ఇట్లు జరుగును గావున ముందుగా పశువైద్యునికి చూపవలెను. కొర్రకంకిని వ్రేలాడదీయుట, గింజలను కాగితపు పొట్లములో చుట్టి దాచుట, వేపకొమ్మలను వేర్వేరు లావుగలవి కూర్చుండుటకు అమర్చుట మంచి ఉపాయములు. ఆకుకూరలు, కారెట్ ముక్కలు పెట్టవలెను. పచ్చిమిరపకాయను అది హాయిగా నమలును; పక్షులకు ఆ మంట తెలియదు. చాక్లెట్, అవొకాడో మాత్రము విషతుల్యములు. రాత్రి 10 నుండి 12 గంటల నిద్ర కావలెను. నడిరేయి వరకు టెలివిజన్ మ్రోగు గదిలో పంజరముంచి పక్షి చిరాకు పడుచున్నదనుట న్యాయము కాదు. కాకటీళ్ళు చీకటిలో బెదరి రెక్కలు విరుగగొట్టుకొనుట కలదు. వానికి చిన్న దీపము అవసరము. దీపావళి రాత్రి ఏ పక్షినైనను లోపలి గదిలో నుంచవలెను.

నమ్మకము కలిగించుటకు తొందర పనికిరాదు. పంజరము ఒక ప్రక్క గోడకు ఆని, మన కంటి ఎత్తున నుండవలెను. మొదటి దినములలో దానిని ముట్టక, సమీపమున కూర్చుండి మెల్లగా మాటలాడవలెను. పరీక్షల కాలమున పాఠము బిగ్గరగా చదువుకొను విద్యార్థికి ఇంతకన్న ఓపికగల శ్రోత దొరకదు. మన యెదుట అది నిర్భయముగా మేత తినుచున్నపుడు, కొర్రకంకిని ఊచల సందునుండి అందింపవచ్చును. అది వెనుకకు జరిగినచో మనమును వెనుకకు జరుగవలెను. తన "వద్దు" అను మాటకు విలువ కలదని తెలిసిన పక్షికి కొరుకవలసిన పని యుండదు. తరువాత తలుపు తెరచి, కంకిని అరచేతిలోనుంచి కదలక నిలువవలెను. ఆ పిమ్మట వ్రేలిని దాని రొమ్ము క్రింద, కాళ్ళకు కొంచెము పైగా, మెల్లగా ఆనించినచో అడుగు పైకి వేయును. దినమునకు రెండుసార్లు, ఐదారు నిమిషములు చాలును. కొరికినపుడు కేకవేయరాదు, చేయి విసరరాదు. గుడ్డవేసి పట్టుకొని మచ్చిక చేయుదుమనువారు వారముల శ్రమను ఒక్క నిమిషమున పాడుచేయుదురు.

ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో అలెక్స్ అను బూడిదరంగు చిలుకకు నేర్పుట ఆరంభించి, 2007లో అది మరణించువరకు సాగించెను. ఇద్దరు మనుష్యులు ఒకరికొకరు నేర్పుకొనుచుండగా చూచి అది రంగులను, ఆకారములను, లెక్కను గుర్తించి చెప్పగలిగెను. చూచి నేర్చు ఈ గుణము మనకును ఉపయోగపడును. భయపడు పక్షి యెదుట, దానికి చేరువైన ఇంటివారు ఒకరు క్రొత్తవారి చేతినుండి కంకిని అందుకొనిన, క్రొత్తవారి భయము త్వరగా తీరును.

పంజరమునుండి వెలికి తీయుటకు ముందు సీలింగు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, పొయ్యి ఆర్పవలెను. నాన్‌స్టిక్ పెనము మితిమీరి కాగినచో వెలువడు పొగ కొద్ది నిమిషములలో చిలుకను చంపును. పక్షి ఈకలు ఉబ్బించుకొని పగలంతయు ముడుచుకొని కూర్చున్నను, శ్వాసతో పాటు తోక ఊగుచున్నను అది మచ్చికయైనదని భ్రమపడరాదు. చిలుకలు రోగమును దాచును గావున ఆనాడే వైద్యునికి చూపవలెను.

మచ్చికయైన చిలుక తనంతట తల వంచి మెడ ఈకలు నిక్కించును. అప్పుడు తలను, మెడను మాత్రమే గోకవలెను. వీపు నిమిరినచో దానికి జతకట్టు తలంపు కలిగి మరల అశాంతి మొదలగును. సంధ్యవేళ ఒంటికాలిపై నిలిచి, ముక్కును మెల్లగా నూరు చిన్న చప్పుడు వినవచ్చును. నిర్భయముగా నిద్రకు సిద్ధమగు చిలుక చేయు చప్పుడది. అప్పుడు మాటలు తగ్గించి, పంజరముపై పలుచని గుడ్డ కప్పవలెను.