బడిలో నేర్చిన అలవాటు ఊరిలో నిలుచుట ఎట్లు?

బేతంచెర్ల పేరు వినగానే అందరికిని బండలు జ్ఞప్తికి వచ్చును. ఇచ్చటి క్వారీలలో తీసిన రాయి కోత యంత్రములపై పలకలుగా మారి, నునుపు చేయబడి, దూరప్రాంతముల ఇండ్లకు నేలగా అమరుచున్నది. ఈ పరిశ్రమ పెక్కు కుటుంబములకు కూడు పెట్టుచున్నది. అయితే నీటికి మాత్రము ఈ ప్రాంతము ఎల్లప్పుడును ఆకాశము వంక చూడవలసినదే. రాయలసీమలోని ఈ మెట్టభూములలో వాన తక్కువ. పడిన వానయు ఏటేట ఒకే తీరున పడదు. అట్టి చోట నీటికి చెరుపు చేయు అలవాటు ఏదైనను చిన్నది కాదు. ఆ అలవాట్లను పిల్లల నాడే సరిదిద్దుట ఎట్లు? అందులో పంచాయతీ సభ్యులు చేయవలసినది ఏమి? ఇదియే ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

నేల చెప్పు పాఠము

బేతంచెర్ల సమీపమున బిల్లసుర్గం గుహలు ఉన్నవి. 1884 ప్రాంతమున భూగర్భ శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ ఇచ్చట త్రవ్వకములు జరిపి పూర్వకాలపు జంతువుల ఎముకలను అనేకము వెలికితీసిరి. వానిలో ఖడ్గమృగపు ఎముకలు కూడ ఉన్నవి. ఈ గుహలను ఎవరును ఉలితో తొలువలేదు. గాలిలోను, మట్టిలోను ఉండు బొగ్గుపులుసు వాయువును కలుపుకొనిన వాననీరు, సున్నపురాతి పగుళ్లలో దిగి, అనంతమైన కాలములో కొద్దికొద్దిగా రాతిని కరగించుటవలన ఇవి ఏర్పడినవి.

ఇందులో పిల్లలకును పెద్దలకును ఒక పాఠమున్నది. ఇసుకనేలలో నీరు మెల్లగా వడకట్టబడి క్రిందికి దిగును. సున్నపురాతి నేలలో అట్లు కాదు; పగుళ్ల గుండ వడిగా దిగిపోవును. కావున పాడుపడిన క్వారీ గుంటలో మనము పారవేసిన చెత్త, చచ్చిన పశువు, మురుగు అచ్చటనే ఉండిపోవునని అనుకొనరాదు. వాన పడినప్పుడు వాని కల్మషము సమీపపు బావులకును బోర్లకును చేరవచ్చును. చెత్త వేయుటకు తగిన చోటని మనము తలచు గుంట, నిజమునకు మన త్రాగునీటికి వాకిలి.

ఉపాధ్యాయుడు ఈ సంగతిని తరగతిలోనే చూపవచ్చును. సున్నపురాతి పొడిపై నిమ్మరసము పిండినచో సన్నని బుడగలు లేచును. పులుపు రాతిని కరగించుచున్నదనుటకు అది నిదర్శనము. తమ ఊరి రాతితో చేసిన ఈ పరీక్షను పిల్లలు మరువరు. "గుంటలో చెత్త వేయకుడు" అను ఉపదేశమునకు కారణము వారికి కంటికి కనబడును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

ప్రకృతిని కాపాడుట ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగమున చేర్చబడినది. పర్యావరణ విషయములను పాఠశాలలలో తప్పనిసరిగా బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. 2001-02 సంవత్సరము నుండి జాతీయ హరిత దళము పేరిట బడులలో విద్యార్థి సంఘములు ఏర్పడినవి.

ఇక 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో త్రాగునీరు, పారిశుద్ధ్యము, సామాజిక వనములు, ప్రాథమిక, మాధ్యమిక విద్య చేరియున్నవి. అనగా పాఠము చెప్పు బడి, ఆ పాఠము ఆచరింపబడవలసిన వీధి, రెండును పంచాయతీ దృష్టిలో ఉండవలసినవే.

పాఠము ఎచ్చట చెడును?

పరిశుభ్రతను గూర్చి వ్యాసము వ్రాసి బహుమానము పొందిన బాలుడే సాయంత్రము చాక్లెట్ కాగితమును కాలువలో వేయును. వానిని నిందించుటకు ముందు ఆ వీధిలో చెత్తబుట్ట ఉన్నదా అని చూడవలెను. బడిలో పిల్లలు తడిచెత్తను, పొడిచెత్తను రెండు బుట్టలలో వేరుచేసిరి అనుకొందము. పంచాయతీ బండి వచ్చి రెంటిని ఒకే కుప్పగా కలిపి తీసికొని పోయినచో ఆ పిల్లలు నేర్చుకొనునది ఏమి? బడిలో చెప్పునది పరీక్ష కొరకే గాని బ్రతుకు కొరకు కాదని నేర్చుకొందురు. అటుపిమ్మట ఎన్ని ఉపన్యాసములు చేసినను వారు నమ్మరు.

అలవాటునకు కారణము తెలియవలెను, ఆచరించుటకు వీలుండవలెను, దినదినము చేయవలెను, పెద్దలు కూడ అట్లే చేయుట కంటబడవలెను. మొదటిది ఉపాధ్యాయుని పని. తక్కినవానిలో చాల భాగము పంచాయతీ చేతిలో ఉన్నది. 2025 జనవరి 18న కడప జిల్లా మైదుకూరులో ప్రారంభమైన స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమము నెలలో మూడవ శనివారమును పారిశుద్ధ్యమునకు కేటాయించినది. అది మంచి ఏర్పాటు. కాని అలవాటు పాదుకొనునది మిగిలిన దినములలోనే.

ఆచరణలో పెట్టదగిన అలవాట్లు

నీరు: కారుచున్న కుళాయి క్రింద చెంబు నుంచి పిల్లలచేత కొలిపించవలెను. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినను దినమునకు నాలుగు లీటర్లకు పైగా వృథా అగును. 2019లో ప్రారంభమైన జల జీవన్ పథకము గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్లు అందవలెనని నిర్ణయించినది. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినచో లెక్కల పాఠమే నీటి పాఠమగును. 100 చదరపు మీటర్ల బడి కప్పుపై ఒక సెంటీమీటరు వాన పడినచో 1,000 లీటర్ల నీరు వచ్చును. దానిని శుభ్రమైన ఇంకుడు గుంటకు మళ్లించవచ్చును. పిల్లలు కనిపెట్టి చెప్పిన కుళాయిని పంచాయతీ వారము లోపల బాగుచేయించవలెను. అట్లు చేసినచో చెప్పినందుకు ఫలము కలదని పిల్లలు గ్రహింతురు.

మధ్యాహ్న భోజనము: కంచములు కడిగిన నీరు బడి పెరటిలోని అరటి, మునగ మొక్కలకు పారునట్లు చిన్న కాలువ తీయించవలెను. కూరగాయల తొక్కులు, రాలిన ఆకులు ఎరువు గుంటలో వేసినచో కొన్ని నెలలకు పెరటికి ఎరువగును. కంచములో మిగులకుండ కావలసినంతే వడ్డించుకొనుట కూడ నేర్పవలసిన విద్యయే. కాని ఆకలిగల బిడ్డ రెండవమారు అడుగుటకు వెనుదీయునట్లు చేయరాదు.

ప్లాస్టిక్: 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ కప్పులు, పళ్లెములు, చెంచాలు, స్ట్రాలు మున్నగునవి దేశమంతట నిషేధింపబడినవి. గ్రామసభలోను, పంచాయతీ సమావేశములలోను స్టీలు గ్లాసులతో నీరు, టీ ఇచ్చుట మొదటి మెట్టు. పిల్లలు అంగడికి గుడ్డసంచి తీసికొని పోవుటను అలవరచుకొనవలెను. ప్లాస్టిక్‌ను కుప్పపోసి కాల్చుట ఎచ్చటను కూడదు. ఆ పొగ ఊపిరికి విషము.

చెట్టు: వేప, కానుగ ఈ నేలకు ఓర్చుకొను చెట్లు. తొలకరిలో నూరు మొక్కలు నాటి ఫోటో తీయించుకొనుటకంటె, పది మొక్కలు నాటి మేకలనుండి కాపాడుట మేలు. ఒక్కొక్క మొక్కను నలుగురు పిల్లలకు అప్పగించి, బడి పుస్తకములో దాని ఎత్తును నెలనెల వ్రాయించవలెను. నాటినవి ఎన్ని అని కాక, రెండవ వేసవి దాటినవి ఎన్ని అని లెక్క చూడవలెను. వేసవి సెలవులలో నీరు పోయు బాధ్యత పంచాయతీది.

కొన్ని హెచ్చరికలు

అలవాటు నేర్పుట పేరిట పిల్లలచేత కూలిపని చేయింపరాదు. మురుగు కాలువలు తీయుట, మరుగుదొడ్లు కడుగుట వారి పని కాదు. ఊడ్చుట బాలికలకో, ఏదో ఒక కులపు పిల్లలకో విడిచి, తక్కినవారు చూచుచుండుట మరింత తప్పు. పని అందరికిని వంతులవారీగా రావలెను. క్వారీ గుంటల అంచులకు పిల్లలను తీసికొని పోరాదు. ఇంటిలో తండ్రిని, అవ్వను తప్పుపట్టుమని పిల్లలను పురికొల్పరాదు. బిడ్డ తాను చేసి చూపినచో ఇంటివారు తామే గ్రహింతురు.

మరియొక మాట. బండల ఫ్యాక్టరీలలో రాతిపొడి కలిసిన బురద దారి ప్రక్కన పడినచో ఎండి గాలికి లేచును. పొలముపై పేరుకొనినచో నేలలో నీరు ఇంకనీయదు. దీనిని పిల్లలు సరిదిద్దలేరు. బురదను తొట్లలో నిలిపి, తేరిన నీటిని మరల కోతకు వాడుట యజమానుల బాధ్యత. అట్లు జరుగునట్లు చూచుట పెద్దల బాధ్యత. పెద్ద తప్పును చూచి చూడనట్లుండి, చాక్లెట్ కాగితమునకు మాత్రము బాలుని మందలించు ఊరిలో ఏ పాఠమును నిలువదు.

రాబోవు సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన బడిలో కుళాయిలు, నీటి తొట్టి, మరుగుదొడ్డి సరిగా ఉన్నవా? తుది మారు చూచినది ఎవరు, ఎప్పుడు?
2. బడిలో వేరుచేసిన చెత్త తుదివరకు వేరుగానే పోవుచున్నదా?
3. ఊరి చుట్టు గల పాత గుంటలలో చెత్త పడుచున్నవి ఏవి? వాని సమీపమున త్రాగునీటి బోర్లు ఎన్ని?
4. గత సంవత్సరము నాటిన మొక్కలలో బ్రతికినవి ఎన్ని?

ఈ ప్రశ్నలకు ఒక మెంబరు బడికి పోయి, ఉపాధ్యాయునితోను విద్యార్థులతోను కలిసి జవాబులు వ్రాసికొని వచ్చినచో చాలును. పంచాయతీ తమ మాట విన్నదని ఎరిగిన పిల్లలు, పెద్దవారైన పిదప ఊరి మంచిచెడ్డలు తమవే అని తలంతురు.