పిల్లలకే కాదు, టీచర్లకూ తోడుండే కొలువు

స్పెషల్ బీఈడీ చేస్తే ఉద్యోగాలుంటాయా అని చాలామంది అడుగుతుంటారు. ఉంటాయి. 2024 తెలంగాణ డీఎస్సీ ప్రకటించిన 11,062 పోస్టుల్లో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు ప్రత్యేక విద్యవే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికొకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికొకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని 2021 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేంద్రం 2022లో నిబంధన కూడా తెచ్చింది. అయితే పోస్టుల లెక్క కంటే ముందు తెలుసుకోవాల్సింది, ఈ కొలువులో రోజూ చేసే పనేమిటన్నది.

ఒక గదిలో నలుగురైదుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని నేర్పించడమే ఈ పని అనుకుంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో అదీ ఉంటుంది, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పడమూ ఉంటుంది. కానీ బడికొచ్చే పిల్లలు ఎక్కువ సమయం గడిపేది మామూలు తరగతిలో, మామూలు టీచరు దగ్గరే. ఆ టీచరుకు ఆసరా ఇవ్వకపోతే మనం పడ్డ కష్టం నిలవదు. చూపు తక్కువున్న అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉందనుకోండి. ఆమెను పక్కకు తీసుకెళ్లి నాలుగు లెక్కలు చెప్పడం తేలికే. లెక్కల మాస్టారి దగ్గరికెళ్లి, ‘సార్, బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే బాగుంటుంది, కిటికీ వెలుగు కళ్లలో పడకుండా అమ్మాయిని ముందు వరసలో కూర్చోబెడదాం’ అని ఒప్పించడం, వారం తర్వాత మళ్లీ వెళ్లి వెనక బెంచీలో కూర్చుని ఏం మారిందో గమనించడం కష్టం. వినికిడి లోపమున్న బాబు పెదవుల కదలికను బట్టి మాట పోల్చుకుంటుంటే, టీచరు బోర్డు వైపు తిరిగి చెప్పినదంతా వాడికి అందకుండా పోతుంది. వీటిని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. కానీ సిలబస్ అవక, యాప్‌లలో వివరాలు నింపలేక సతమతమయ్యే టీచరు ముందు తనిఖీ అధికారిలా నిలబడితే ఒక్క మాటా చెవికెక్కదు. తోటి మనిషిగా వెళ్లాలి. నా దృష్టిలో ఈ వృత్తికి అసలు అర్హత అదే. అది డిగ్రీతో రాదు, తరగతి గదుల్లో తిరిగితేనే వస్తుంది.

టీచర్లతో పనిచేసే అవకాశం ఇప్పుడు పెరుగుతోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, డిస్‌లెక్సియా వంటి వాటి గురించి బీఈడీలో పైపైన చదివి వచ్చిన టీచర్లే ఎక్కువ. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచరు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ పొందాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సహిత విద్య గురించి అరగంట స్పష్టంగా, ఉదాహరణలతో చెప్పగలిగినవారికి మంచి గుర్తింపు వస్తుంది.

ఇంటర్ తర్వాత డీఈడీ స్పెషల్, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ స్పెషల్ చేయొచ్చు. మేధో వైకల్యం, వినికిడి, చూపు, అభ్యసన వైకల్యం వంటి వాటిలో ఒక స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి. అది లేని సర్టిఫికెట్‌తో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేయకూడదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ మేధో వైకల్య రంగంలో జాతీయ సంస్థ. డీఎస్సీ రాయాలంటే టెట్ కూడా చూసుకోవాలి.

జీతం సంగతి దాచకుండా చెప్పాలి. సమగ్ర శిక్షా కింద తెలంగాణలో ఐఈఆర్పీలు (సహిత విద్య రిసోర్స్ పర్సన్లు), ఆంధ్రప్రదేశ్‌లో ఐఈఆర్టీలు (సహిత విద్య రిసోర్స్ టీచర్లు) ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలోనే పనిచేస్తున్నారు. రెగ్యులర్ టీచర్ల జీతంతో పోలిస్తే వారికొచ్చేది తక్కువ. ఇంత కీలకమైన పనికి ఇది న్యాయం కాదు. సీబీఎస్ఈ గుర్తింపున్న స్కూళ్లలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్న నిబంధన వల్ల ప్రైవేటులోనూ అవకాశాలున్నాయి. ఎంఈడీ స్పెషల్ చేస్తే టీచర్లను తయారుచేసే కాలేజీల్లో బోధన వైపు వెళ్లొచ్చు.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి టీచరు అనుమతి తీసుకుని ఒక పూట ఆ పని చూడండి. వీలైతే వారితోపాటు ఒక మామూలు బడికీ వెళ్లండి. ఆ తర్వాతే దరఖాస్తు నింపండి.