కోపం గురించి మేనల్లుడికి

చిన్నా,

కంచం విసిరేశావనీ, టీవీ పగిలిందనీ, కాసేపటికి బాల్కనీలో కూర్చుని ఏడ్చావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చివర్లో మన బంధువులందరూ అనే మాటే అంది: "వాడు కోపిష్టే గానీ మనసు వెన్న." మీ తాతయ్యనీ ఇలాగే వెనకేసుకొచ్చారు. ఆయన్ని డాక్టరుకు చూపించాలని ఎవరికీ తోచలేదు. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది. వంశంలోనే ఉందంటావా? షుగరూ వంశంలో వస్తుంది, మందు వేసుకోమా?

ఇలా ఉన్నట్టుండి విరుచుకుపడే కోపానికి వైద్యంలో ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్ అని పేరుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే జబ్బుల పట్టికలో చేర్చింది. 2013 ప్రమాణాల ప్రకారం, మూడు నెలలపాటు సగటున వారానికి రెండుసార్లు అరుపులు, తిట్లతో విరుచుకుపడుతున్నా, ఏడాదిలో మూడుసార్లు వస్తువులు పగలగొట్టినా, మనుషుల్ని గాయపరిచినా అనుమానించాలి. కారణం గోరంతే ఉంటుంది. ముందే అనుకుని చేసేదీ కాదు. మామూలుగా అరగంటలోపే చల్లారుతుంది, ఆనక సిగ్గు ముంచేస్తుంది.

నీది ఇదేనని నేను తేల్చలేను. బైపోలార్, డిప్రెషన్, తాగుడు అలవాటు, తలకు తగిలిన పాత దెబ్బ, వీటివల్ల కూడా ఇలా జరగొచ్చు. కాలేజీ రోజుల్లో బైకు మీంచి పడ్డ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు.

ఫ్లుయోక్సెటిన్ లాంటి మందులు కొందరికి పనిచేస్తాయి. నాకు ఎక్కువ నమ్మకం మాత్రం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మీద. నీ భార్య ఫోన్ ఎత్తకపోతే "కావాలనే ఎత్తలేదు" అని క్షణంలో తీర్పు చెప్పేస్తావు చూడు, కౌన్సెలర్ అక్కడే పట్టుకుంటారు. ఎత్తకపోవడానికి ఇంకేం కారణాలు ఉండొచ్చో నీచేతే చెప్పిస్తారు. దవడ బిగుసుకుంటున్నప్పుడే, చెవులు వేడెక్కుతున్నప్పుడే గుర్తుపట్టి గదిలోంచి బయటికి నడవడం నేర్పిస్తారు. వారాలు పడుతుంది, మధ్యలో మానకు.

జబ్బు కాబట్టి నీ భార్య భరించాలని మాత్రం అనుకోవద్దు. నువ్వు కుదుటపడేదాకా పుట్టింట్లో ఉంటానంటే ఉండనీ. తీసుకురావడానికి పెద్దమనుషుల్ని పంపకు. మీ అమ్మకూ ఇదే చెప్పాను.

డాక్టరుకు చూపించడానికి ఎర్రగడ్డ ఆసుపత్రికి వెళ్దాం. ఎర్రగడ్డ అనగానే పిచ్చాసుపత్రి అని ముఖం చిట్లించకు, అక్కడ నీలాంటి ఉద్యోగస్తులూ ఓపీలో కూర్చుంటారు. ఈలోగా ఏ రాత్రయినా చేయి దాటిపోతుందనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. సోమవారం సెలవు పెట్టు, పొద్దున్నే వస్తాను. బైకు మీంచి పడ్డప్పటి తల స్కాను కాగితాలు దొరికితే తీసిపెట్టు.

మీ అత్తయ్య