కొండ మీది ఇసుక

అత్తా కోడళ్ళు తిరుమలకు బస్సెక్కారు. ఘాట్ రోడ్డు మలుపులో కోడలు కిటికీలోంచి చూసింది.

"అత్తా, ఆ రాయి చూడు. పైన ఒక రకం, కింద ఒక రకం. ఎవురో పేర్చినట్ల ఉంది."

"దేవుడి కొండ మే. దండం పెట్టుకో."

ఇద్దరూ దండం పెట్టుకున్నారు. కానీ కోడలు చూసింది నిజమే. అక్కడ రెండు రకాల రాళ్ళు ఉన్నాయి.

ఈసారి తిరుపతి ఊళ్ళో నిలబడి కొండను చూడండి. కింది భాగం వాలుగా ఉంటుంది. పై భాగం గోడ కట్టినట్టు నిట్టనిలువుగా ఉంటుంది. కిందిది గ్రానైటు బండ. మన రోళ్ళ రాయి లాంటిది. భూమి లోపల కరిగిన రాయి చల్లారి అది ఏర్పడింది. దాని వయసు 200 కోట్ల ఏళ్ళకు పైనే.

పైది ఏమిటో తెలుసా? ఇసుక! ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక పొరలు పొరలుగా పేరుకుంది. బరువుకు అణిగి, వేడికి గట్టిపడి రాయి అయింది. దాన్ని క్వార్ట్జైట్ అంటారు. గుడికి దగ్గరలో ఉన్న శిలాతోరణం కూడా ఈ రాయే. గాలి, వాన దాన్ని తొలిచి తోరణం చేశాయి.

ఈ రెండు రాళ్ళు కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. కింది రాయికీ పై రాయికీ నడుమ ఎన్నో కోట్ల ఏళ్ళ తేడా ఉంది. ఆ కాలం సంగతి చెప్పే రాయి ఇక్కడ లేదు. లెక్కల పుస్తకంలో నడుమ కాగితాలు చినిగిపోయినట్టు. ప్రపంచమంతా తెలిసిన గీత ఇది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్నీ, శిలాతోరణాన్నీ జాతీయ స్మారకాలుగా గుర్తించింది.

సరే, సముద్రం అడుగున ఉండాల్సిన ఇసుక 2,800 అడుగుల ఎత్తుకు ఎట్లా వచ్చింది? నేల లేచింది. నేల కదులుతుంది. పైకీ కిందికే కాదు, పక్కకు కూడా.

భూమి పైపొర ఒకే ముక్క కాదు. పగిలిన కుండ పెంకులను పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది. ఈ పెంకులను ఫలకాలు అంటారు. వాటి కింద రాయి చాలా వేడిగా ఉంటుంది. గట్టిగా ఉంటూనే, ఎండకు మెత్తబడిన బెల్లం దిమ్మ లాగా మెల్లగా సాగుతుంది. దాంతోపాటు ఫలకాలూ జరుగుతాయి.

మన దేశం ఒకప్పుడు ఇక్కడ లేదు. భూగోళం కింది వైపున, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, మంచు ఖండం అంటార్కిటికాలతో అతుక్కుని ఉండేది. మన తూర్పు తీరం పక్కనే అంటార్కిటికా! ఆ పెద్ద నేలకు గోండ్వానా అని పేరు. మన ఆదిలాబాదు గోండుల పేరే అది. సింగరేణి బొగ్గు ఆ కాలపు అడవులదే. అప్పటి ఒక రకం చెట్టు ఆకుల అచ్చులు మన రాళ్ళలో దొరికాయి. అవే ఆకులు ఆఫ్రికాలోనూ, అంటార్కిటికాలోనూ దొరికాయి. ఒక చెట్టు ఇన్ని సముద్రాలు ఎట్లా దాటుతుంది? నేలలే విడిపోయాయని 1912లో జర్మనీకి చెందిన వెగెనర్ చెప్పాడు. చాలామంది నవ్వారు. ఆయన 1930లో చనిపోయాడు. 1960ల్లో గానీ లోకం ఆ మాట ఒప్పుకోలేదు.

మన నేల విడిపోయి ఉత్తరానికి జరిగింది. దాదాపు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను గుద్దుకుంది. చాపను గోడకేసి నెట్టండి. ముడతలు పడి పైకి లేస్తుంది కదా? అట్లా లేచిందే హిమాలయం. ఇప్పుడు కూడా మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. మన చేతి గోరు పెరిగే వేగానికి కొంచెం ఎక్కువ.

ఈ నెట్టుడుకు నేల లోపల ఒత్తిడి పెరుగుతుంది. పాత పగుళ్ళున్న చోట రాయి ఉన్నట్టుండి జరుగుతుంది. అదే భూకంపం. హిమాలయాల దగ్గర ఎక్కువ, మన వైపు తక్కువ. తక్కువంటే లేదని కాదు. 1967లో ఒంగోలులో, 1969లో భద్రాచలంలో నేల అదిరింది.

1993 సెప్టెంబరు 30. మహారాష్ట్రలో లాతూరు ప్రాంతం. ముందురోజు వినాయక నిమజ్జనం చేసి జనం అలిసి నిద్రపోయారు. తెల్లవారకముందే నేల ఊగింది. దాదాపు 10,000 మంది చనిపోయారు. అక్కడి ఇళ్ళు మట్టితో పేర్చిన లావు రాతి గోడలవి. పైన బరువైన మట్టి మిద్దె. అవి మీద పడడం వల్లే ఎక్కువ మంది పోయారు.

పాపం పెరిగితే భూమి కంపిస్తుంది అంటారు కొందరు. ఉయ్యాలలో పిల్లలు ఏం పాపం చేశారు?

ఇల్లు కట్టేటప్పుడు గోడల మూలలు బాగా కలిసేట్టు కట్టించండి. గోడల పైన చుట్టూ సిమెంటు పట్టీ వేయించండి. పడుకునే చోట తల పైన అటక మీద బిందెలు, రాళ్ళు పెట్టకండి. నేల ఊగితే, వాకిలి పక్కనే ఉంటే బయటికి రండి. లేకుంటే గట్టి బల్ల కింద దూరి తల కాపాడుకోండి. ఊగడం ఆగాక బయటికి రండి.

మాట్లాడుకోండి:
మీ ఊరి గుట్ట రాయి ఏ రకం? పొరలు ఉన్నాయా?
మీ ఇంట్లో పిల్లలు పడుకునే చోట పైన ఏముంది?